మంద లెక్క

నాకు కోపం ఎక్కువ. ఇది నా అంతట నేను చెప్పుకునే మాట కాదు. లైప్‌జిగ్‌లో, హనోయ్‌లో, మదనపల్లెలో నా దగ్గర జర్మన్ నేర్చుకున్నవాళ్ళందరూ ఏకగ్రీవంగా తేల్చిన మాట. పుంగనూరులో పుట్టి, బెంగళూరులో జర్మన్ చదివి, ఆ భాషను జర్మనీలోనే ఆరేళ్ళు, వియత్నాంలో ఐదేళ్ళు పాఠం చెప్పి తిరిగొచ్చినదాన్ని. పేరు యమున. మదనపల్లె సి.టి.ఎం. రోడ్డులో ఎరువుల అంగడి పైన నా క్లాసు. కింద యూరియా వాసన, పైన ఇరవైమంది నర్సులు, వాళ్ళ మధ్య నేను. జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగాలకు పోదలచుకున్న పిల్లలకు భాష నేర్పి పంపడం నా పని.

"అన్ని దేశాలు తిరిగొచ్చి ఈడ యాల కూసున్నావు మేడమ్?" అని కింద అంగడాయన నెలకొకసారి అడుగుతాడు. అక్కడ తరిమేశారేమోనని ఆయన అనుమానం. నా ఊరు, నా ఇష్టం అంటాను. నమ్మడు. నమ్మకపోతే మానె.

ఇదంతా పోయిన ఫిబ్రవరి మాట. జర్మనీలో ఒక ఆస్పత్రికి నర్సుల పెద్ద, లిండ్‌నర్ అనే ఆమె, కుప్పంలో ఒక నర్సింగ్ కాలేజీకి వస్తుందనీ, ఒక్కరోజే ఉండి ఇంటర్వ్యూలు చేసి, ఇద్దరిని ఎంచుకుని, సాయంత్రానికి బెంగళూరు వెళ్ళిపోతుందనీ కబురొచ్చింది. నా దగ్గర భాషా పరీక్ష పాసైనవాళ్ళు అప్పటికి ఐదుగురు. ఐదుగురూ నాకు సమానమేనని పైకి చెప్పేదాన్ని. అబద్ధం. నా ప్రాణమంతా హేమావతి మీదే ఉండేది.

హేమావతిది తంబళ్లపల్లె అవతల ఒక చిన్న పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. బిఎస్సీ నర్సింగ్ చదివి, నాలుగేళ్ళుగా పుంగనూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పని చేస్తోంది. డ్యూటీ దిగి, అదే బట్టలతో బస్సెక్కి నా క్లాసుకు వచ్చేది. కళ్ళు మూతలు పడుతున్నా పాఠం మాత్రం తప్పనిచ్చేది కాదు. "ఐసీయూలో పని చేయాల మేడమ్," అనేది. "సెలైను ఎక్కించేది, దుప్పట్లు మార్చేది తప్ప ఈడ ఏముండాది? చదువుకున్నదంతా మర్చిపోతాండాను." ఫోన్లో ఈసీజీ బొమ్మలు దాచుకుని, బస్సులో ఒక్కొక్కటే తీసి చదువుకుంటూ వచ్చేది. అట్లాంటి పిల్ల పోకపోతే ఇంకెవరు పోవాలి?

ఒకటే లోపం. ఆ పిల్లకు "లేదు" అనడం రాదు. తోటి నర్సుకు తలనొప్పి అంటే ఆ డ్యూటీ ఈమె చేయాలి. ఇంకొకరికి ఊళ్ళో జాతర అంటే అదీ ఈమే. చివరికి డాక్టరుగారి కొడుకు బడి ప్రాజెక్టుకు అట్టముక్కలు కత్తిరించి అంటించింది కూడా ఈమే. మొహమాటానికి పోతే ఏమవుతుందో మా అవ్వ ఒక సామెత చెప్పేది. మిగతా సగం మీకు తెలుసు కాబట్టి నేను రాయను.

ఆ ఐదుగురి కోసం అరవైనాలుగు ప్రశ్నల కాగితం తయారు చేశాను. "మీ గురించి చెప్పండి" దగ్గర్నుంచి "మా ఆస్పత్రినే ఎందుకు ఎంచుకున్నారు" దాకా ప్రతి ప్రశ్నకూ జవాబు నేనే రాసి, బట్టీ పట్టించి, అద్దం ముందు చెప్పించి, తడబడితే కసిరి, మళ్ళీ చెప్పించాను. నెల తిరిగేసరికి ఐదుగురూ గంట కొట్టినట్టు చెబుతున్నారు. నా అంత పంతులమ్మ ఈ చుట్టుపక్కల లేదని లోలోపల మురిసిపోయాను కూడా.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సెక్కాను. హేమావతి పుంగనూరులో ఎక్కాలి. బస్సు కదిలేముందు తెల్లపంచె, భుజాన తువాలుతో ఒక పెద్దాయన ఎక్కి, అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"జర్మనీ మేడమ్ నువ్వేనా అమ్మా? నేను హేమావతి నాయన్ని. మునెప్ప."

గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి మొదటి బస్సుకు వచ్చాడట. "ఇంటర్వ్యూకి అమ్మానాయనలు రాకూడదన్నా," అన్నాను కొంచెం విసుగ్గానే. ఆయన పట్టించుకోలేదు. పక్కన కూర్చుని, బస్సు ఊరు దాటాక మెల్లగా మొదలుపెట్టాడు.

"ఒగ మాట సెప్తా, కోపం సేసుకోవద్దమ్మా. బిడ్డ బాగా సదువుతాది, ఆ సంగతి నాకూ తెలుసు. దానికి నోరే లేదు. పుంగనూరు యాడుండాది? మాకు రెండు బస్సుల దూరం. ఈడనే లేదనలేక ముగ్గురి పని ఒగతే సేస్తాండాది. గంగమ్మ జాతరకి రాలేదేం పాపా అంటే డ్యూటీ అనింది. ఎవురి డ్యూటీ అంటే పలకదు. ఇంగ ఆ దేశంలో మనోళ్ళు ఎవురుండారు? ఎవురేం సెప్పినా ఊ అంటాది. రాత్రీ పగలూ సేయమన్నా ఊ అంటాది. ఎవుడన్నా..." అక్కడ ఆగి, తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "వచ్చి నా కండ్లతో సూస్తా. ధైర్యం కుదిరితే పంపుతా, లేదంటే లేదు. నేను వద్దంటే అది పోదు. నీకూ తెలుసు."

తెలుసు. అదే నా భయం. ఆ జర్మన్ ఆమె ఎంచుకున్నా సరే, ఈయన ఒక్కసారి "వద్దు" అంటే హేమావతి "సరే నాయనా" అని తలవంచుకుని మళ్ళీ పుంగనూరు దుప్పట్ల దగ్గరికి పోతుంది. ఆయనతో వాదిద్దామని నోరు తెరిచాను. కానీ ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

పుంగనూరులో హేమావతి, లక్ష్మీప్రియ కలిసి ఎక్కారు. లక్ష్మీప్రియది పుంగనూరే, నా ఐదుగురిలో అందరికంటే వాగుడుకాయ. తండ్రిని చూసి హేమావతి మెట్టు మీదే ఆగిపోయింది.

"నాయనా! నువ్వు యాల వచ్చినావు?"

"నీకోసరం రాలేదులే. కుప్పం సూసి శానా దినాలైంది," అన్నాడు మునెప్ప, కిటికీలోంచి బయటికి చూస్తూ. బస్సంతా నవ్వింది. హేమావతి మాత్రం నవ్వలేదు. పలమనేరు దాటి, వి.కోట దాటి, కుప్పం వచ్చేదాకా పెదవులు కదుపుతూ నా కాగితం వల్లె వేసుకుంటూనే ఉంది.

మిగతా ముగ్గురూ నేరుగా కాలేజీకే వచ్చారు. అక్కడ ఇంటర్వ్యూలకు ఒక తరగతి గది ఇచ్చారు. లిండ్‌నర్‌కు యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, నూలు చొక్కా, మన ఎండకు కందిపోయిన మొహం. టీచర్‌గా నేను వెనక బెంచీలో కూర్చోవచ్చుననీ, నోరు తెరిస్తే మాత్రం బయటికి పంపిస్తాననీ నాకు మర్యాదగా చెప్పింది. వాళ్ళ మర్యాద అట్లాగే ఉంటుంది, నాకు అలవాటే. వెళ్ళి కూర్చున్నాను.

మొదటి అమ్మాయి గడగడా చెప్పింది. పొంగిపోయాను. రెండో అమ్మాయి కూడా గడగడా చెప్పింది. మూడో అమ్మాయి "తీరిక దొరికితే పుస్తకాలు చదువుతాను, ప్రకృతిలో నడుస్తాను" అని మొదలుపెట్టేసరికి లిండ్‌నర్ పెన్ను ఆపి, "అవునవును, నీకు వంట కూడా ఇష్టం, ముఖ్యంగా ఆదివారాలు," అని తనే పూర్తి చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముక్క రాసింది నేను. ఐదుగురికీ అదే ముక్క. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి పుంగనూరులో ప్రకృతిలో నడిచే నర్సు ఎవరే తల్లీ? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాలుగోది లక్ష్మీప్రియ. ఆమె నా కాగితాన్ని ఎప్పుడూ సగమే చదివేది, అందుకు నా దగ్గర రోజూ తిట్లు తినేది. ప్రశ్న అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి" అంది, నవ్వింది, తనకు తోచిందేదో చెప్పింది. లిండ్‌నర్ మొహం కాస్త విప్పారింది.

ఆఖరున హేమావతి. తలుపు దగ్గర నిలబడ్డ మునెప్ప ఎవరని లిండ్‌నర్ అడిగింది. తండ్రి అని తెలియగానే తనే లేచి ఆయనకు కుర్చీ వేసింది. ఆయన మొహమాటంగా అంచున కూర్చున్నాడు. ఆమె మళ్ళీ తన చోటికి వచ్చి, ముందున్న ఫైలు మూసేసింది. అరవైనాలుగు ప్రశ్నలూ ఆ ఫైల్లోనే ఉన్నట్టు లెక్క.

"మీ నాన్న ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"గొర్రెలు మేపుతారు."

"ఓ! మా తాతకు కూడా గొర్రెలుండేవి. మీకెన్ని ఉన్నాయి?"

ఇంతకంటే సులువైన ప్రశ్న ప్రపంచంలో ఉండదు. అంకెలు మొదటి వారంలో నేర్పిన పాఠం. హేమావతి నోరు తెరిచింది, తండ్రి వైపు చూసింది, మూసుకుంది.

"తెలియదు," అంది.

"సుమారుగా?"

"తెలియదు."

లిండ్‌నర్ తనే సర్దుకుని, చంటిపిల్లను అడిగినట్టు వేళ్ళు చూపిస్తూ, ఒక్కో మాట విడదీసి మళ్ళీ అడిగింది. "పదా? యాభయ్యా? వందా?"

"తెలియదు," అని తల వంచుకుంది హేమావతి.

వెనక బెంచీలో నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. నోరు తెరవకూడదు కదా. లిండ్‌నర్ ఏదో రాసుకుని, "ధన్యవాదాలు. భోజనం తర్వాత అందరికీ చెబుతాను," అంది. రాసింది నాకు కనబడలేదు. కనబడనక్కర్లేదు కూడా. ఈ పిల్లకు బట్టీ తప్ప భాష రాదు అని రాసి ఉంటుంది. నేనైనా అదే రాసేదాన్ని.

వరండాలోకి వచ్చీ రాగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంకెలు మర్చిపోయినావా హేమా? నిద్రలో లేపి అడిగినా వంద దాకా చెప్తావే! మీ గొర్రెలెన్నో నీకు తెలీదా?"

"తెలుసు మేడమ్."

"తెలిస్తే మరి నోటికేం రోగం వచ్చింది?"

పక్కనుంచి మునెప్ప, "ఏమడిగిందమ్మా ఆయమ్మ?" అన్నాడు.

"మీకు గొర్రెలెన్ని ఉండాయని అడిగిందన్నా. ఈ మహాతల్లి తెలీదనింది, మూడుసార్లు."

మునెప్ప కళ్ళు పెద్దవి చేశాడు. "మంద లెక్కనా? అది నోటితో యట్ల సెప్తారమ్మా! మా యింట్లో ఎవురూ అనరు. అందరికీ తెలుసు, ఎవురూ అనరు. లెక్క నోట్లోనుంచి బయటపడితే మంద నిలవదు. టీకాలేసేకి వచ్చినోళ్ళు అడిగినా, ఉండాయిలే సామీ కొన్ని, మీరే సూసుకోండి అంటాం."

నేనూ ఈ నేలదాన్నే. ఈ మాట కురబలకోట వైపు మా బంధువుల దగ్గర వినే ఉన్నాను. కానీ జర్మనీ నుంచి ఒకామె వచ్చి అదే ప్రశ్న అడుగుతుందని కలగన్నానా?

"నాయన ఆడనే కూసోనుండాడు కదా మేడమ్. ఏ బాసలోనైనా సెప్పకూడదు. అందుకే తెలీదన్నా," అంది హేమావతి. కళ్ళనిండా నీళ్ళు.

అందుకే తెలీదన్నా. ఆ మాటతో నా కోపం దిక్కు మార్చుకుని నా మీదికే వచ్చింది. ఎందుకంటే ఈ తప్పు నాకు కొత్త కాదు. నేను చేసిందే.

లైప్‌జిగ్‌లో నా మొదటి చలికాలం. శనివారం పొద్దున అదనంగా ఒక క్లాసు తీసుకోగలవా అని మా డైరెక్టరు అడిగాడు. నాకు కుదరదు. వారమంతా చెప్పి చెప్పి గొంతు పోయి ఉంది. కానీ పెద్దాయన మొహం మీద కుదరదని ఎట్లా అంటాం? "చూస్తానండీ" అన్నాను. "చూస్తాలే" అంటే ఏమిటో మన దగ్గర చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు తెలియదు. శనివారం పన్నెండుమంది మంచులో, తాళం వేసిన తలుపు ముందు గంటసేపు నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె చంకలో బిడ్డ. నేను రజాయి ముసుగుతన్ని నిద్రపోతున్నాను. సోమవారం ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. "కుదరదు అని ఉంటే ఇంకొకరిని పెట్టుకునేవాణ్ణి. ఆ మాటకు ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు. ఇప్పుడు మాత్రం నీ మాట నమ్మడం నాకు కష్టం," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ముప్ఫై ఏళ్ళ వయసులో అద్దం ముందు నిలబడి "కుదరదు" అనే మాట నేర్చుకున్నాను. ఆ తర్వాత హనోయ్‌లో నా విద్యార్థులు, అర్థం కాకపోయినా అచ్చం నాలాగే నవ్వి తలలూపుతుంటే, పాపం ఆ డైరెక్టరు పడ్డ బాధ ఏమిటో ఐదేళ్ళపాటు తెలిసొచ్చింది.

ఇంత తిరిగి, ఇంత తెలుసుకుని వచ్చి ఈ పిల్లలకు నేనేం నేర్పాను? అరవైనాలుగు ప్రశ్నలకు అరవైనాలుగు జవాబులు. అడిగినదానికల్లా జవాబు ఉండి తీరాలని నేర్పాను. "ఇది నేను చెప్పను" అనే జవాబు ఒక్కచోటా రాయలేదు. సిగ్గు లేకపోతే సరి.

వరండాలో నేల మీదే కూర్చుని, తండ్రికీ కూతురికీ ఇదంతా చెప్పాను. మంచులో నిలబడ్డవాళ్ళ మాట వచ్చేసరికి మునెప్ప "అయ్యో, బిడ్డనెత్తుకోని గూడానా" అని నా వైపు కోపంగా చూశాడు.

"తప్పు నాది హేమా," అన్నాను. "తెలిసీ తెలీదంటే వాళ్ళ దగ్గర అది అబద్ధం. తెలుసు కానీ చెప్పను అంటే అబద్ధం కాదు. తప్పూ కాదు. పోయి ఆ మాటే చెప్పు."

"అంత పెద్దామె ముందర సెప్పను అని ఎట్లంటాను మేడమ్? ఆమెకి కోపమొస్తే?"

"రానీ! కొరుకుతుందా?"

హేమావతి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. మునెప్ప లేచాడు. "వద్దులేమ్మా. దాన్ని ఇబ్బంది పెట్టొద్దు. నాకు అర్థమైపాయె. రెండు గంటలకి బస్సుండాది. పా పాపా, పోదాం." ఆయన గొంతులో కోపం లేదు. పైగా కాస్త నిశ్చింత ఉంది, కూతురు దగ్గర్లోనే ఉండిపోతుంది కదా అని.

హేమావతి లేచి తండ్రి వెనక నాలుగడుగులు వేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. వరండా చివర మెట్ల దగ్గర ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి, నన్ను దాటి, నేరుగా పోయి ఆ గది తలుపు కొట్టింది.

నేను నెత్తి కొట్టుకున్నాను. లోపల లిండ్‌నర్ భోజనం చేస్తోంది. జర్మన్లకు భోజన విరామం అంటే మనకు పూజగది లాంటిది, మధ్యలో ఎవరూ అడుగు పెట్టరు. అయినా ఆ పిల్ల తలుపు తీసేసింది. మునెప్ప గబగబా వచ్చి గడప దగ్గర నా పక్కన నిలబడ్డాడు. "ఏమంటాండాదో సెప్పమ్మా. ఒగ మాట కూడా వదలొద్దు," అన్నాడు. ఆయన చెవిలో మెల్లగా తెలుగు చేస్తూ పోయాను.

"క్షమించండి. ఇందాక నేను అబద్ధం చెప్పాను," అంది హేమావతి. లిండ్‌నర్ చేతిలో అరటిపండు అట్లాగే ఆగింది. "గొర్రెలెన్నో నాకు తెలుసు. కానీ చెప్పను."

మునెప్ప నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సెప్పననేసిందా? ఆయమ్మ మొగం మీదనే?"

"అనేసిందన్నా."

"ఎందుకు చెప్పవు?" అంది లిండ్‌నర్. గొంతు గట్టిగానే ఉంది.

"మా ఇంట్లో మంద లెక్క ఎవరూ నోటితో చెప్పరు. చెబితే మందకు మంచిది కాదని మా నమ్మకం. నేను నర్సును. నాకు ఆ నమ్మకం ఉందో లేదో నాకే సరిగ్గా తెలియదు. మా నాన్నకు ఉంది. అందుకని నేను చెప్పను."

లిండ్‌నర్ అరటిపండు కింద పెట్టి, చేతులు తుడుచుకుంది. "మంచిది. అయితే చెప్పొద్దు," అంది. అంతే. కోపమూ లేదు, పాడూ లేదు. "కానీ లెక్కపెట్టకపోతే, సాయంత్రం ఒకటి తప్పిపోయిందని మీకెట్లా తెలుస్తుంది?"

ఇక చూడండి. నోరులేని పిల్ల అని వాళ్ళ నాయన బస్సులో బాధపడ్డాడే, ఆ పిల్లే! దొడ్డి వాకిట్లో తండ్రి నిలబడతాడనీ, లోపలికి పోయే ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి పెడతాడనీ, చెయ్యి పడనిది ఉంటే ఆయనకు తెలిసిపోతుందనీ చెప్పింది. నల్లచెవిది ఎప్పుడూ ముందు, కుంటిది ఎప్పుడూ ఆఖరు, మధ్యలో ఎవరి పక్కన ఎవరు నడుస్తారో కూడా వాళ్ళకు తెలుసట. పిల్ల తప్పిపోతే తల్లే చెబుతుందట. ఎట్లా చెబుతుంది అని అడిగింది లిండ్‌నర్. గొర్రె అరవడాన్ని జర్మన్‌లో ఏమంటారో హేమావతికి తెలియదు. నేనెప్పుడు నేర్పాను కనక! ఒక్క క్షణం తడుముకుని, ఆ ఇంటర్వ్యూ గదిలో, నర్సుల పెద్ద ముందు, "మ్యే..." అని గొంతెత్తి అరిచి చూపించింది.

లిండ్‌నర్ కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వింది.

అన్నీ తప్పులే. మాటల వరుస తప్పు, కాలం తప్పు. క్లాసులో అయితే గుడ్లురిమి ఉండేదాన్ని. ఆ తప్పులు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను రాసిచ్చిన జర్మన్‌లో ఒక్క తప్పు కూడా లేదు, ఒక్క మాట కూడా ఆ పిల్లది కాదు. ఇది ఆ పిల్ల సొంత భాష.

"మా వార్డులో మాత్రం అన్నీ లెక్కపెట్టాలి, లెక్క చెప్పాలి," అంది లిండ్‌నర్, కళ్ళు తుడుచుకుంటూ.

"పెడతాను. చెబుతాను కూడా," అంది హేమావతి. "అవి మా నాన్న గొర్రెలు కావు కదా."

అరగంట తర్వాత లిండ్‌నర్ వరండాలోకి వచ్చి రెండు పేర్లు చదివింది. లక్ష్మీప్రియ. హేమావతి. మిగతా ముగ్గురి మొహాలూ వాడిపోయాయి. వాళ్ళకు ఆ దెబ్బ నా కాగితం వల్ల తగిలిందని వాళ్ళతోనే ఒప్పుకున్నాను, ఇంకో ఆస్పత్రికి ఈసారి సొంత మాటలతో పంపిస్తానని మాటిచ్చాను. లిండ్‌నర్ నన్ను పక్కకు పిలిచి, "మీ జవాబులు చాలా బాగా రాశారు. దయచేసి తగలబెట్టండి," అంది. తగలబెడతానన్నాను. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంత సూటిగా తిట్టినవాళ్ళు లేరు, ఆ తిట్టు ఇంత తియ్యగా అనిపించిందీ లేదు.

అమ్మయ్య అనుకుని గోడకు చేరగిలబడ్డాను. ఒక్క నిమిషమే. హేమావతి చేతిలో లిండ్‌నర్ ఇచ్చిన ఒప్పుకోలు కాగితం ఉంది, ఇంకో చేతిలో పెన్ను ఉంది, సంతకం మాత్రం పెట్టడం లేదు. తండ్రి వైపు చూస్తోంది. మునెప్ప గురించి నేను మర్చేపోయాను.

ఆయన కూతురికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సంతకం పెట్టేముందర ఒగ మాట," అన్నాడు. "నువ్వు పోవద్దు అంటాండాను. ఏమంటావు?"

"అన్నా!" అన్నాను నేను. గొంతు కీచుగా వచ్చింది. ఆయన నా వైపు చూడకుండా చెయ్యి ఎత్తి ఆపాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంత జరిగాక, వాకిట్లోకి వచ్చిన అదృష్టాన్ని ఈయన వెనక్కి పంపుతున్నాడు, ఈ పిల్ల "సరే నాయనా" అంటుంది, అయిపోతుంది. నేను మళ్ళీ పుంగనూరు బస్సులో ఈ పిల్ల పక్కన కూర్చుని పోవాలి.

హేమావతి కాగితం వైపు చూసింది. తల ఎత్తింది.

"పోతాను నాయనా," అంది. చూపు దించుకోలేదు. "నువ్వు వద్దన్నా పోతాను."

మునెప్ప పొద్దున మదనపల్లెలో బస్సెక్కినప్పటినుంచి బిగబట్టుకున్న ఊపిరంతా అప్పుడు వదిలాడు. నాకు వినబడింది.

"ఈ మాట నీ నోట్లోనుంచి వస్తాదా రాదా అని కాసుకోనుండాను పాపా," అన్నాడు. "ఆయమ్మకి సెప్పినావు, సరే. ఆయమ్మ పరాయి మనిషి. నాకే లేదన్నావంటే ఇంగ ఎవురికైనా అంటావు. యాడైనా బతుకుతావు. పెట్టు సంతకం."

హేమావతి ఏడుస్తూనే పెట్టింది. నేనూ ఏడ్చాను. ఆ సంతకం ఎండిందో లేదో మునెప్ప వంగి చూసుకుని, తువాలు దులిపి భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు.

"ఈడ అన్నం యాడ దొరుకుతాదమ్మా?" అన్నాడు. "రేత్రినుంచి ఒగ ముద్ద గూడా గొంతు దిగలా నాకు."